ఎవరూ నడవని వీధి ఎవరిది? నగరం దారి హక్కును వదులుకున్నప్పుడు జరిగేదేమిటి

అమెరికాలోని నగర కౌన్సిళ్ల ముందుకు ఒక తరహా పిటిషన్ తరచు వస్తుంటుంది. ఫలానా వీధిలో ఫలానా రెండు అడ్డరోడ్ల మధ్య భాగాన్ని ప్రజలు వాడడం లేదని, దాన్ని నగరం వదులుకుంటే పక్కనున్న స్థలాల్లో కలుపుకుంటామని ఇరుగుపొరుగు యజమానులు అడుగుతారు. అక్కడ ఈ ప్రక్రియను స్ట్రీట్ వెకేషన్ అంటారు. వార్త చదివిన వారికి వెంటనే కొన్ని సందేహాలు వస్తాయి. ప్రజల ఆస్తిని వేలం వేయకుండా పక్కింటివారికే ఎందుకిస్తున్నారు? ఒకచోట ఉచితంగా, మరొకచోట మార్కెట్ ధరకు ఎందుకు ఇస్తున్నారు? వందేళ్లుగా ఎవరూ వాడని నేల మీద నగరానికి ఇంకా హక్కు ఉంటుందా? ఈ ప్రశ్నలన్నీ నగరం చేతిలో ఉన్నది నేలా, లేక నేల మీద ఒక హక్కు మాత్రమేనా అన్న మూల ప్రశ్న నుంచి పుట్టినవే. అది తేలకపోతే మిగతాది గందరగోళంగానే ఉంటుంది.

కాగితం మీద ఉండి నేల మీద లేని వీధులు

ఒక పెద్ద భూమిని ఇళ్ల స్థలాలుగా విభజించి అమ్మదలచిన యజమాని ముందుగా లేఅవుట్ పటం గీయించి, దాన్ని కౌంటీ రికార్డుల్లో నమోదు చేయిస్తాడు. ఆ పటంలో రెండు సమాంతర గీతల మధ్య వీధి పేరు, దాని వెడల్పు రాసి ఉంటాయి. పటం మీదే ఒక ప్రకటన కూడా ఉంటుంది: ఇందులో చూపిన వీధులన్నిటినీ ప్రజల వాడకానికి అంకితం చేస్తున్నానని. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్థలాల వ్యాపారం జోరుగా సాగిన చోట్ల, కొండవాలు అనీ, వాగు అనీ, చిత్తడి నేల అనీ చూడకుండా చదరంగపు గళ్లలా వీధులు గీసేశారు. స్థలాలు అమ్ముడుపోయాయి. వీధుల్లో కొన్ని మాత్రం ఎప్పటికీ రోడ్డుగా మారలేదు. ఇలాంటి వాటికే పేపర్ స్ట్రీట్ అన్న పేరు స్థిరపడింది.

నేల మీద చూస్తే అక్కడ వీధి ఉన్నట్టే తెలియదు. ముళ్లపొదలు, రెండు పెద్ద చెట్లు, పక్కింటివారి కంచె ఐదారు అడుగులు ముందుకు జరిగి ఉండడం, ఆ కంచె లోపల ఒక కట్టెల కొట్టం, పొదల మధ్య ఎక్కడో మురుగు కాలువ మ్యాన్‌హోల్ మూత కనిపిస్తాయి. సర్వేయర్ వచ్చి పాత ఇనుప గుర్తును వెతికి పట్టుకుంటే గానీ అది అరవై అడుగుల వీధి అని తేలదు.

వదులుకోవాలని అడిగేవి ఇవి మాత్రమే కావు. ఇళ్ల వెనుక వాడుక తగ్గిన సందులు, రోడ్డు వంపును సరిచేసినప్పుడు మిగిలిపోయిన ముక్కలు, నీటి ఒడ్డున ఆగిపోయిన వీధి చివరలు కూడా ఈ కోవలోకే వస్తాయి. వీటిలో చివరి రకమే అన్నిటికన్నా ఎక్కువ వివాదాలు తెస్తుంది. దాని సంగతి తర్వాత చూద్దాం.

నేల వేరు, నడిచే హక్కు వేరు

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో లేఅవుట్ ద్వారా అంకితమైన వీధిలో ప్రజలకు దక్కేది దారి హక్కు మాత్రమే. దాన్ని చట్ట పరిభాషలో ఈజ్‌మెంట్ అంటారు. కింది నేల యాజమాన్యం మాత్రం ఆ వీధిని ఆనుకున్న స్థలాల యజమానుల దగ్గరే ఉంటుంది. పొలం గట్టు మీద ఊరివాళ్లు నడిచే హక్కు ఉన్నంత మాత్రాన గట్టు ఊరిది అయిపోనట్టే ఇదీ. అయితే ఆ హక్కు బలమైనది. అది ఉన్నంత కాలం నేల యజమాని అక్కడ ఇల్లు కట్టలేడు, దారి మూయలేడు. రోడ్డు ఎప్పుడు వేయాలో, ఏ పైపులు దింపాలో నిర్ణయించేది నగరమే.

కొన్ని రాష్ట్రాల్లో మాత్రం చట్టం చెప్పిన పద్ధతిలో లేఅవుట్ నమోదైతే నేల యాజమాన్యం కూడా ప్రభుత్వ సంస్థకు బదిలీ అవుతుంది. ఇక నగరం డబ్బిచ్చి కొన్న వీధులు, భూసేకరణ ద్వారా తీసుకున్న వీధులు వేరే తరగతి. ఒకే నగరంలో, ఒకే వీధిలో సైతం ఈ మూడు రకాల ముక్కలు పక్కపక్కనే ఉండవచ్చు. అందుకే ఏ పిటిషన్‌లోనైనా మొదటి పని టైటిల్ రికార్డులను వెతకడం.

మొదటి రకంలో నగరం వీధిని వదులుకోవడమంటే నేలను అమ్మడం కాదు, నేల మీదున్న బరువును తీసేయడం. బరువు తీసేస్తే నేల ఎవరిదో వారికే పూర్తిగా మిగులుతుంది. వేలం ఎందుకు వేయరన్న ప్రశ్నకు జవాబు ఇదే: తనది కాని నేలను నగరం మూడో మనిషికి అమ్మలేదు. పక్కింటివారికి ఇక్కడ జరుగుతున్నది దయ కాదు, కొత్తగా ఇచ్చే బహుమతీ కాదు. నేల కూడా నగరానిదే అయిన చోట ఈ వాదన అంత బలంగా నిలవదు. అక్కడ ఎవరికి చెందాలో రాష్ట్ర చట్టమే చెప్పాలి, లేదా నగరం అమ్మకం దారి పట్టాలి.

మధ్యరేఖ లెక్క, దాన్ని చెడగొట్టే సందర్భాలు

వీధిని ఆనుకున్న స్థలాన్ని అమ్మినప్పుడు, దస్తావేజులో వేరేగా రాయకపోతే, వీధి మధ్యరేఖ వరకు ఉన్న నేల కూడా దానితోపాటే వెళ్లినట్టు కోర్టులు భావిస్తాయి. ఇంగ్లిష్ కామన్ లా (కోర్టు తీర్పుల ద్వారా రూపొందిన న్యాయం) నుంచి వచ్చిన సూత్రం ఇది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. వీధి వెడల్పు 60 అడుగులు, వదులుకోదలచిన భాగం పొడవు 120 అడుగులు. తూర్పున ఒక యజమాని, పడమర మరొక యజమాని. నగరం దారి హక్కును వదులుకుంటే ఒక్కొక్కరికి 30 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు, అంటే 3,600 చదరపు అడుగులు దక్కుతాయి.

ఇప్పుడు పాత పటం తీసి చూస్తే ఆ వీధి మొత్తం తూర్పు వైపు లేఅవుట్ అంచున ఉందని తేలిందనుకుందాం. అంటే 60 అడుగులూ తూర్పు భూమి యజమాని ఇచ్చినవే, పడమర భూమి నుంచి ఒక్క అడుగు కూడా రాలేదు. అప్పుడు మధ్యరేఖ సూత్రం పనిచేయదు. 7,200 చదరపు అడుగులూ తూర్పు వైపుకే చేరతాయి. పిటిషన్ మీద సంతకం చేసి, ఖర్చు పంచుకున్న పడమటి యజమానికి ఏమీ దక్కదు. ఇది అరుదైన చిక్కు కాదు. రెండు లేఅవుట్లు కలిసే ప్రతి చోటా వచ్చే అవకాశం ఉంది.

రెండో చిక్కు భూమి అడుగున ఉంటుంది. పైన రోడ్డు లేకపోయినా కింద మురుగు పైపు, నీటి పైపు, గ్యాస్ లైన్ ఉండవచ్చు. అలాంటప్పుడు నగరం నడక హక్కును వదులుకుని, పైపుల కోసం ఒక పట్టీపై ఈజ్‌మెంట్‌ను తన దగ్గరే ఉంచుకుంటుంది. మన ఉదాహరణలో వీధి నడుమ 20 అడుగుల పట్టీని అలా ఉంచుకుంటే, ఒక్కో యజమాని భాగంలో 10 అడుగుల వెడల్పున 1,200 చదరపు అడుగుల మీద పచ్చిక పెంచుకోవచ్చు గానీ గది కట్టుకోవడం కుదరదు.

మూడోది పొరుగువారి సొంత హక్కు. ఒక లేఅవుట్ పటాన్ని చూసి స్థలం కొన్నవారికి, ఆ పటంలోని వీధులను వాడుకునే ప్రైవేటు హక్కు కూడా ఉంటుందని అనేక రాష్ట్రాల కోర్టులు గుర్తించాయి. నగరం ప్రజల హక్కును వదులుకున్నా ఈ ప్రైవేటు హక్కు దానంతటదే పోకపోవచ్చు. కౌన్సిల్ ఓటుతో అంతా అయిపోయిందనుకుని కంచె వేసిన వారు, వీధి ఆ చివర ఇంటివారు కోర్టుకు వెళ్లినప్పుడు మొదటిసారి ఈ సంగతి వింటుంటారు.

పిటిషన్ నుంచి ఆర్డినెన్స్ (నగర కౌన్సిల్ చేసే చట్టం) వరకు

ప్రక్రియ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం, వదులుకోదలచిన భాగాన్ని ఆనుకున్న ఆస్తిలో మూడింట రెండు వంతులకు మించిన దాని యజమానులు పిటిషన్ మీద సంతకం చేయాలి. అప్పుడు కౌన్సిల్ తీర్మానం చేసి, 20 రోజులకు తగ్గకుండా, 60 రోజులు మించకుండా బహిరంగ విచారణ తేదీని నిర్ణయించాలి. నోటీసును ఊరిలో జనం ఎక్కువగా తిరిగే మూడు చోట్ల, ఆ వీధిలోనూ అతికించాలి. కౌన్సిలే సొంతంగా ఈ పనికి పూనుకుంటే, ఆనుకున్న యజమానుల్లో సగం మంది లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పడంతోనే అది ఆగిపోతుంది.

ఓరిగాన్ చట్టం ఇంకా విశాలంగా చూస్తుంది. ఆనుకున్న యజమానులందరూ ఒప్పుకోవాలి. దానికి తోడు ప్రభావిత ప్రాంతంలోని ఆస్తిలో మూడింట రెండు వంతుల సమ్మతి కావాలి. ప్రభావిత ప్రాంతం అంటే వీధికి ఇరువైపులా గరిష్ఠంగా 200 అడుగులు, రెండు చివరల నుంచి ముందుకు 400 అడుగులు. ఒక వీధి మూతపడితే దాని ప్రభావం ఆ వీధి గోడల మధ్యే ఆగదన్న అవగాహన ఈ కొలతల్లో కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో దారి మరోలా ఉంటుంది: 1980 హైవేస్ చట్టంలోని 116వ సెక్షన్ కింద, ఆ రహదారి అనవసరమని మేజిస్ట్రేట్ కోర్టు తేల్చాలి. అంటే అక్కడ ఎన్నికైన సభ్యుల ఓటు చాలదు, సాక్ష్యాలు విన్న కోర్టు ఉత్తర్వు కావాలి.

కాలిఫోర్నియా చట్టంలోని ఒక మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ వీధి ప్రస్తుత లేదా భవిష్యత్తు ప్రజావసరానికి అక్కర్లేదని పాలకమండలి సాక్ష్యాధారాలతో నిర్ధారించాలని అది అంటుంది. ప్రస్తుత అవసరాన్ని కొలవడం తేలిక. రెండు రోజులు నిలబడి ఎందరు నడిచారో లెక్కపెట్టవచ్చు. భవిష్యత్తు అవసరం అలా లెక్కకు అందదు. నలభై ఏళ్ల తర్వాత ఆ వాలు మీదుగా మెట్లదారి కావాలా, వరదనీటి కాలువ కావాలా అన్నది ఈరోజు పొదలను చూసి చెప్పగలిగింది కాదు. నా దృష్టిలో ఈ చర్చలన్నిటిలోకీ అసలైన కష్టం ఇక్కడే ఉంది. కానీ విచారణల్లో సమయమంతా కంచెలు, చెత్త, పార్కింగ్ చుట్టూనే గడుస్తుంది.

ఉచితంగానా, ధరకా?

నేల ఎప్పుడూ పక్కవారిదే అయితే డబ్బెందుకు అడగాలి? ఒక వాదన ఇది. వీధి కోసం నేలను మొదట ఉచితంగా ఇచ్చింది ప్రైవేటు యజమానే. అవసరం తీరాక అది ఉచితంగానే వెనక్కి రావడం న్యాయమని దీన్ని సమర్థించేవారు అంటారు. ఎదుటివారి వాదన కూడా తేలిగ్గా తీసేయదగినది కాదు. దారి హక్కు అనేది విలువైన ప్రజా ఆస్తి. దాన్ని వదులుకోగానే పక్క స్థలం విలువ పెరుగుతుంది. పైగా ఈరోజు అక్కడ ఉంటున్నవారు నేలను ఇచ్చిన తొలి యజమాని కాదు, వీధి ఉందని తెలిసే స్థలం కొన్నవారు.

వాషింగ్టన్ చట్టం ఈ రెండు వాదనల మధ్య ఒక గీత గీసింది. వదులుకున్న భాగం మదింపు విలువలో సగానికి మించకుండా నగరం వసూలు చేయవచ్చు. కానీ ఆ వీధి 25 ఏళ్లు లేదా అంతకు మించి ప్రజల దారిగా అంకితమై ఉన్నా, ప్రజాధనంతో సంపాదించినదైనా, పూర్తి విలువ అడగవచ్చు. ఇలా వచ్చిన సొమ్ములో సగాన్ని ప్రజలకు తెరిచిన ఖాళీ స్థలాల కోసం గానీ రవాణా నిర్మాణాల కోసం గానీ వెచ్చించాలి.

మన ఉదాహరణకు దీన్ని వర్తింపజేద్దాం. చదరపు అడుగు విలువ 40 డాలర్లు అనుకుందాం. ఒక యజమాని భాగంలో ఏ ఆంక్షా లేని 2,400 చదరపు అడుగుల విలువ 96,000 డాలర్లు. పైపుల పట్టీ కింద ఉన్న 1,200 చదరపు అడుగులకు, కట్టడానికి వీల్లేదు కాబట్టి, మదింపుదారు సగం విలువ కట్టాడనుకుంటే 24,000 డాలర్లు. మొత్తం 1,20,000 డాలర్లు. వీధి అంకితమై 20 ఏళ్లే అయితే నగరం 60,000 డాలర్లకు మించి అడగకూడదు. వందేళ్ల నాటిదైతే 1,20,000 డాలర్ల వరకు అడగవచ్చు. దీనికి తోడు సర్వే, మదింపు, దరఖాస్తు ఖర్చులు. చిన్న ఇంటి యజమానుల్లో చాలామంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు. పెద్ద నిర్మాణ సంస్థకు ఇది ప్రాజెక్టు ఖర్చులో ఒక పద్దు మాత్రమే. ఈ వ్యత్యాసం మీద జరగవలసినంత చర్చ జరగడం లేదనిపిస్తుంది.

నేల ప్రైవేటు చేతికి వచ్చాక ఆస్తి పన్ను కూడా వస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కోలోని ప్రెసిడియో టెర్రస్ మొదటి నుంచీ ప్రైవేటు వీధే. దాని మీద ఏటా 14 డాలర్ల పన్ను బిల్లు పాత చిరునామాకు వెళ్తూ చెల్లింపు లేకుండా పేరుకుపోవడంతో, 2015లో నగరం ఆ వీధిని వేలంలో 90,000 డాలర్లకు కాస్త పైన అమ్మేసింది. 2017లో నగర పాలకమండలి అయిన సూపర్‌వైజర్ల బోర్డు ఆ అమ్మకాన్ని రద్దు చేసింది. ఉమ్మడి సందును ప్రైవేటుగా తీసుకోవాలనుకునే ఇరుగుపొరుగు, పన్ను ఎవరి పేరున వస్తుందో ముందే రాసుకోవాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

వాడకపోతే హక్కు దానంతటదే పోతుందా?

సాధారణ నియమం ప్రకారం పోదు. ప్రైవేటు భూమిని ఏళ్ల తరబడి బహిరంగంగా ఆక్రమించి సాగు చేసుకున్నవారికి హక్కు రావచ్చు గానీ, ప్రజల వీధి మీద ఆ సూత్రం సాధారణంగా చెల్లదు. ముప్పై ఏళ్లుగా కంచె ఉందన్న మాట కౌన్సిల్ ముందు సానుభూతిని తేవచ్చు, టైటిల్‌ను మాత్రం తేదు.

అయితే కొన్ని రాష్ట్రాల్లో చట్టసభలే కాలపరిమితి పెట్టాయి. వాషింగ్టన్‌లో 1890 నాటి చట్టం, నగర పరిధికి వెలుపల ఉన్న రోడ్డును ఐదేళ్లలో తెరవకపోతే అది దానంతటదే రద్దయినట్టేనని చెప్పింది. 1909లో చట్టాన్ని సవరించి, లేఅవుట్ల ద్వారా అంకితమైన వీధులను ఈ నియమం నుంచి తప్పించారు. ఫలితం ఎలా ఉంటుందో చూడండి. 1895లో నగరం వెలుపల నమోదైన లేఅవుట్‌లోని వీధి 1900 నాటికీ తెరుచుకోకపోతే, అది ఆనాడే రద్దయిపోయింది. తర్వాత ఆ ప్రాంతం నగరంలో కలిసినా హక్కు తిరిగి రాదు. పక్కనే 1906లో నమోదైన లేఅవుట్‌కు ఐదేళ్లు 1911లో నిండాలి. ఆ లోపే 1909 సవరణ వచ్చింది కాబట్టి ఆ వీధి ఈనాటికీ ప్రజలదే. నేల మీద రెండూ ఒకేలా కనిపించే పొదలే. ఒకదానికి పిటిషన్, మదింపు, ధర అన్నీ కావాలి. మరొకదానికి పాత చట్టం పని పూర్తి చేసేసిందని కోర్టు చేత చెప్పించుకుంటే చాలు.

మెయిన్ రాష్ట్రం 1987లో మరో పద్ధతి ఎంచుకుంది. ఆ ఏడాది సెప్టెంబరు 29కి ముందు నమోదైన లేఅవుట్లలో నిర్మించని, పట్టణం స్వీకరించని వీధులు చాలావరకు 1997లో రద్దయినట్టే లెక్క. పట్టణం ఆ లోపు నోటీసు నమోదు చేస్తే హక్కు మరో 20 ఏళ్లు నిలుస్తుంది. అలా నిలుపుకున్న పట్టణాలు 2017లో మళ్లీ జాబితాలు తీసి, ఏ వీధిని ఉంచాలో, దేన్ని వదలాలో తేల్చుకోవలసి వచ్చింది. పెన్సిల్వేనియాలో 1889 చట్టం 21 ఏళ్ల గడువు పెట్టింది. అది దాటితే ప్రజల హక్కు పోతుంది గానీ, లేఅవుట్‌లో స్థలాలు కొన్నవారి ప్రైవేటు హక్కు మిగిలే ఉంటుంది.

రెండు పక్షాల వాదనలు

వదులుకోవాలనేవారు చెప్పేది నిర్వహణ భారం గురించి. నగరం శుభ్రం చేయని, దీపం పెట్టని ఖాళీ నేల చెత్తకుప్పగా మారితే నష్టపోయేది పక్కింటివారే. ప్రమాదం జరిగితే బాధ్యత నగరం మీద పడుతుంది, పన్ను మాత్రం పైసా రాదు. చూసుకునే మనిషి చేతికి నేల వెళ్లడం అందరికీ మేలు కదా అని వారి ప్రశ్న. ఒక్క ఇంటి వెనుక ముక్క విషయంలో ఈ వాదనకు ఎదురు చెప్పడం కష్టం.

వద్దనేవారు ముక్కను కాక మొత్తం అల్లికను చూడమంటారు. ఒక్క సందు పోతే ఏమీ కాదు. కానీ ఒక్కొక్కటిగా పది పోయాక బడికి నడిచి వెళ్లే పిల్లలు పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరగాలి. నీటి ఒడ్డున ఉన్న వీధి చివర పోతే, ఒడ్డున ఇల్లు లేని వారందరికీ నీళ్ల దగ్గరికి దారే పోతుంది. వాషింగ్టన్ చట్టం అందుకే నీటిని ఆనుకున్న వీధులను ఓడరేవు, పార్కు, పడవల రేవు వంటి ప్రజా ప్రయోజనాలకు తప్ప, కొన్ని మినహాయింపులతో, వదులుకోనివ్వదు.

సియాటిల్‌లో 2016 మే 2న జరిగిన ఓటు ఈ ఘర్షణను స్పష్టంగా చూపింది. బాస్కెట్‌బాల్ అరీనా కట్టదలచిన సంస్థ ఆక్సిడెంటల్ అవెన్యూ సౌత్‌లో ఒక భాగాన్ని వదులుకోమని కోరింది. ఓడరేవు వర్గాలు సరుకు లారీల రాకపోకలు దెబ్బతింటాయని అభ్యంతరం చెప్పాయి. కౌన్సిల్ 5-4 తేడాతో పిటిషన్‌ను తిరస్కరించింది. గమనించవలసింది ఏమిటంటే, ఆ వీధిలో రాకపోకలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, అక్కడ వచ్చే కట్టడం చుట్టుపక్కల వీధులను ఏం చేస్తుందన్నదే నిర్ణయాత్మకమైంది. అదే నగరం 2018లో కన్వెన్షన్ సెంటర్ విస్తరణకు సందులను వదులుకోవడానికి ఒప్పుకుంది. ధరతోపాటు అందుబాటు ధరల గృహాలకు, సైకిల్ దారులకు నిధులివ్వాలన్న ఒప్పందం కుదిరాకే. ఇలా బేరమాడడం సబబా అన్న దాని మీదా భిన్నాభిప్రాయాలున్నాయి. ప్రజలు కోల్పోయినదానికి బదులు అడగడం సహజమని కొందరంటే, వీధి అవసరమా కాదా అన్న ప్రశ్న పక్కకుపోయి ఎంతిస్తారన్నదే మిగులుతుందని మరికొందరు భయపడతారు. రెండో భయంలో నిజం ఉందనే నాకు అనిపిస్తుంది. అలాగని, ఏమీ అడగకుండా ఇచ్చే పాత పద్ధతి మెరుగైనదని చెప్పలేం.

వెనక్కి తీసుకోవడం, అసలు వదలకుండా ఉండడం

వదిలిన హక్కు మళ్లీ కావాలంటే నగరం భూసేకరణ చేసి మార్కెట్ ధర చెల్లించాలి. మన ఉదాహరణలో సగం విలువ నిబంధన కింద ఒక యజమాని 60,000 డాలర్లు చెల్లించాడనుకుందాం. ఇరవై ఏళ్ల తర్వాత అతని భాగంలో 10 అడుగుల వెడల్పున నడకదారి కావలసి వచ్చింది, అప్పటికి చదరపు అడుగు 60 డాలర్లకు చేరింది. ఆ 1,200 చదరపు అడుగులకు నగరం 72,000 డాలర్లు ఇవ్వాలి. 3,600 చదరపు అడుగుల మీద హక్కును వదులుకుని తీసుకున్న దానికంటే, అందులో మూడో వంతు తిరిగి తెచ్చుకోవడానికే ఎక్కువ అవుతుంది. ఆ పట్టీలో గది కట్టి ఉంటే దాని పరిహారం అదనం.

అందుకే కొన్ని నగరాలు పైపుల పట్టీలాగే నడక కోసం కూడా ఒక పట్టీని ఈజ్‌మెంట్‌గా ఉంచుకుని మిగతాది వదులుతాయి. మరో దారి, హక్కును అసలు వదలకుండా వాడుక అనుమతి మాత్రమే ఇవ్వడం. ఆ అనుమతితో పక్కింటివారు పొదలు కొట్టించి తోట వేసుకోవచ్చు, నగరం అడిగినప్పుడు ఖాళీ చేయాలి. నగరానికి ఇది సుఖంగా ఉంటుంది గానీ ఇంటివారికి అంత సుఖం కాదు. పక్కా కట్టడానికి వీలుండదు, బ్యాంకు ఆ నేలను తాకట్టు విలువలో చేర్చుకోదు, ఇల్లు అమ్మితే కొన్నవారు అనుమతిని తమ పేరున మళ్లీ తెచ్చుకోవలసి రావచ్చు. కంచె జరపాలని నోటీసు వచ్చిన ఇంటివారు ఈ అనుమతికీ, పూర్తి వెకేషన్‌కూ మధ్య ఎంచుకునే ముందు తెప్పించుకోవలసినవి పాత లేఅవుట్ పటం, అది నమోదైన సంవత్సరం, భూమి కింది పైపుల పటం.